ఫర్రీల మీద నీ వ్యాసం చదివాక

అమ్మాయీ,

మనుషుల్లా నడిచి మాట్లాడే జంతు పాత్రలంటే ప్రాణమిచ్చే అభిమానులు, అదే ఫర్రీలు, వాళ్ల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు ఆ మొదటి పేజీ కొట్టేయ్. జంతువుల నీతికథలు, పులివేషాలు ఎత్తుకొచ్చి "ఇది మనకూ కొత్త కాదు" అన్నావు. అందులో ఫర్రీలు లేరు. చదివేవాళ్లు ముఖం చిట్లిస్తారేమో అన్న నీ టెన్షన్ ఉంది, అంతే.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో జరిగే ఫర్రీల కన్వెన్షన్ ఆంత్రోకాన్ సందడి బాగా పట్టుకున్నావు. 2006 నుంచి అక్కడే జరుగుతోంది కాబట్టి ఊరికీ అలవాటైపోయింది. తీరా వాళ్లు గీసే అడల్ట్ బొమ్మల దగ్గరికొచ్చేసరికి "కొందరి వల్ల అందరికీ చెడ్డపేరు" అని దాటేశావు. ఆ మాట ఎవరిదో తెలుసా? 1998లో 'బర్న్‌డ్ ఫర్స్' పేరుతో ఫర్రీల్లోనే ఒక వర్గం బయల్దేరి, శృంగారం వల్లే పరువు పోతోందని మిగతావాళ్ల మీద విరుచుకుపడింది. ఎవరి కంట్లో పడదామని ఆ ఇల్లు ఊడ్చుకున్నారు? నువ్వు రాయాల్సింది అక్కడుంది.

ఆ అడల్ట్ సరుకు తర్వాతెప్పుడో వచ్చి అంటుకున్న మచ్చ కూడా కాదు. 1986లో ఇల్లినాయి రాష్ట్రం లాన్సింగ్‌లో అశ్లీల పుస్తకాలు అమ్ముతున్నాడని ఒక కామిక్స్ షాపు మేనేజర్‌ని అరెస్టు చేశారు. పట్టుకెళ్లినవాటిలో 'ఒమాహా' అనే పిల్లి నర్తకి కథ ఉంది. కింది కోర్టు శిక్ష వేసింది, పై కోర్టు కొట్టేసింది. ఆ కేసు కోసం పోగుచేసిన డబ్బుతోనే కామిక్స్‌వాళ్ల న్యాయ సహాయ నిధి పుట్టింది. ఇంత కథని ఒక్క వాక్యంతో ఎలా దాటేస్తావు?

ఇక బయటివాళ్లు. 2003లో 'సీఎస్ఐ' అనే అమెరికన్ క్రైమ్ సీరియల్ ఒక ఎపిసోడ్‌లో ఫర్‌సూట్, అంటే ఒళ్లంతా కప్పే జంతువు వేషం, పడకగది వ్యవహారమే అన్నట్టు చూపించింది. నిజానికి ఫర్రీల్లో ఎక్కువమందికి ఫర్‌సూటే లేదు, అది వేల డాలర్ల పని. 2014 డిసెంబరులో షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో ఫర్రీల కన్వెన్షన్ జరుగుతున్న హోటల్లో క్లోరిన్ వాయువు వ్యాపించి 19 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఎవరో కావాలనే చేశారని పోలీసుల అనుమానం. ఆ వార్త వస్తుంటే, ఫర్రీలంటే ఎవరో తెలిసి టీవీ యాంకర్ ఒకామె నవ్వాపుకోలేక సెట్ వదిలి పరుగెత్తింది. దీనికి నువ్వు వ్యాఖ్యానం జోడించకు. జరిగింది జరిగినట్టు రాయి, చాలు.

నేనూ ఒకప్పుడు రికార్డింగ్ డాన్సు చేసేవాళ్ల మీద రాస్తూ "పాపం, పొట్టకూటి కోసం" అని జాలిపడ్డాను. అచ్చయ్యాక వాళ్లలో ఒకామె నిలదీసింది: "మా తరఫున క్షమాపణ చెప్పమని నేనడిగానా?" ముప్పై ఏళ్లయింది, ఇంకా చెవిలోనే ఉంది.

జూలైలో ఆంత్రోకాన్‌కి మళ్లీ వెళ్తానన్నావుగా. ఇలాంటి కన్వెన్షన్ల ఆర్ట్ షోల్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి విడిగా భాగం ఉండటం మామూలే. గుమ్మం దగ్గర ఐడీ చూసేవాళ్లతో మాట్లాడు. లోపల బొమ్మలు అమ్మే ఆర్టిస్టు ఒప్పుకుంటే, ఇంట్లో ఈ పని గురించి ఏం చెప్పారో అడుగు. పేరు రాయొద్దంటే రాయకు. రెండో డ్రాఫ్టు అక్కణ్నించి మొదలుపెట్టి పంపు.

మీ బాబాయ్