అమ్మలూ, ఐవరీ కోస్ట్‌లోని ఆబిజాన్‌కు డబ్బు పంపేముందు ఇది చదువు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

ఐవరీ కోస్ట్‌లో జీడి ఫ్యాక్టరీ పెట్టాలని నువ్వూ అల్లుడూ నిశ్చయించుకున్నందుకు చాలా సంతోషం. పచ్చి జీడిపిక్కలు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండేది అక్కడే. సరుకున్న చోటికే వెళ్లడం మంచి ఆలోచన. నన్ను కలవరపెట్టింది ఒక్కటే. అక్కడి భాగస్వామి వకీలే ఇద్దరికీ చాలు, వేరే ఖర్చు దండగ అని రాశావు. చాలడమ్మా. ఆయనెంత మర్యాదస్తుడైనా ఆ భాగస్వామి మనిషే. నీ వకీలు నీకుండాలి, అదీ ఇక్కడినుంచి పైసా కదలకముందే.

ఎందుకంటావేమో, భూమి సంగతే చూడు. షెడ్డు, ఆరబెట్టే కళ్లాలు ఊరి బయట వేస్తామన్నావు, స్థలం భాగస్వామి పేరున కొందామన్నావు. అక్కడి 1998 చట్టం ప్రకారం గ్రామీణ భూమికి యజమాని కాగలిగేది ప్రభుత్వం, ప్రభుత్వ సంస్థలు, ఆ దేశ పౌరులు మాత్రమే. విదేశీయులకు ఆ హక్కు లేదు. పౌరుడైనా మనిషిగానే కొనాలి, కంపెనీ పేరున కుదరదు. అంటే నీ డబ్బుతో కొన్న భూమి ఆయన సొంత ఆస్తవుతుంది. రేపు ఆయన పోతే వారసులొస్తారు. మన గుమ్మా బ్లాకులో గిరిజనుల భూమి బయటివాళ్ల పేరుకు మారకుండా ఒడిశా 1956 రెగ్యులేషన్ ఎలా అడ్డుకుంటోందో నీకు తెలుసు. బినామీగా కొని, గోడౌను కట్టి, ఖాళీ చేసి వచ్చినవాళ్లను నువ్వూ ఎరుగుదువు. దీర్ఘకాలపు లీజు తీసుకో. భూమి నిజంగా ఎవరిదో, ఊరి పెద్దల హక్కేమైనా ఉందో నీ వకీలు వెళ్లి విచారించాకే సంతకం పెట్టు.

రెండోది కంపెనీ. అక్కడ ఓహాడా చట్టం నడుస్తుంది, అది 17 ఆఫ్రికా దేశాలకు ఉమ్మడి వ్యాపార చట్టం. చిన్న కంపెనీలు ఎక్కువగా ఎస్ఏఆర్ఎల్, అంటే మన ప్రైవేటు లిమిటెడ్ లాంటి రూపంలో పెడతారు. దాన్ని నడిపేవాణ్ణి జెరాఁ అంటారు. ఆయన అధికారానికి కంపెనీ నియమావళిలో హద్దులు రాసుకున్నా, అవి మీలో మీకే. ఆ సంగతి తెలియని బయటివాడితో ఆయన చేసుకున్న ఒప్పందానికి కంపెనీ కట్టుబడాల్సిందే. కాబట్టి జెరాఁగా ఎవరుంటారు, బ్యాంకు చెక్కుమీద రెండు సంతకాలుంటాయా అన్నది వాటాల శాతం కంటే ముందు తేల్చుకో. తగాదా వస్తే ఎక్కడ, ఏ భాషలో తేల్చుకోవాలో కూడా ఇప్పుడే రాయించు. స్నేహంగా ఉన్నప్పుడే ఇలాంటివి అడగడం తేలిక.

వకీలును ఎలా పట్టాలంటావా? ఆబిజాన్‌లో మన ఎంబసీ ఉంది, అక్కడ పిక్కలు కొంటున్న మనవాళ్లున్నారు, ఇద్దర్నీ అడుగు. దొరికినాయన పేరు అక్కడి బార్‌లో, అంటే వకీళ్ల సంఘం జాబితాలో ఉందో లేదో చూడు. భాగస్వామికి గానీ ఆయన బంధువులకు గానీ ఎప్పుడైనా పనిచేశారా అని సూటిగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకో. ఫీజు పని దశల వారీగా మాట్లాడుకో.

ఇక మన వైపు. ఈ భాగం నాకు బాగా తెలిసింది, ఇన్నేళ్లూ చేసింది ఇదే పని. నీ సొంత పేరున పంపితే ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లే హద్దు, పైగా 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో డబ్బు ఆడదు. మీది రిజిస్టరైన భాగస్వామ్య సంస్థ కదా, సంస్థ పేరున పెడితే విదేశీ పెట్టుబడుల 2022 నిబంధనల ప్రకారం నెట్‌వర్త్‌కు, అంటే అప్పులు పోను మిగిలే సొంత ఆస్తికి, 4 రెట్ల దాకా వీలుంది. ఎలా పంపినా ముందు బ్యాంకులో విదేశీ పెట్టుబడి వివరాల ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, ఆ పెట్టుబడికి గుర్తింపుగా ఇచ్చే యూఐఎన్ నంబరు తీసుకోవాలి. వాటా పత్రం 6 నెలల్లోగా బ్యాంకుకు చేరాలి. ఏటా డిసెంబరు 31 లోగా ఏపీఆర్, అంటే అక్కడి కంపెనీ వార్షిక పనితీరు నివేదిక వేయాలి. అది ఆగిందంటే, ఆలస్యం సరిచేసుకునేదాకా అక్కడికి మళ్లీ పెట్టుబడి పంపలేవు. సీజనులో పిక్కలు కొనే వేళకు ఇలా చిక్కుకుంటే ఏడాదంతా పోయినట్టే. వేరే ఎవరి ఖాతా నుంచో, హవాలాగానో పంపుదామని ఎవరన్నా చెబితే వాళ్లతో మాట కూడా కలపొద్దు.

ఫ్రెంచిలో ఉన్న ఆ ఒప్పందం డ్రాఫ్టును భాగస్వామి కాకుండా వేరేవాళ్ల చేత అనువాదం చేయించి, రెండు ప్రతులూ నాకు పంపు. జెరాఁ అధికారాలున్న పేజీ ముందు చూస్తాను. అందాకా అడ్వాన్సు ఆపమని అల్లుడికి చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య