ఒబామాకేర్, అఫర్డబుల్ కేర్ యాక్ట్ రెండూ అమెరికాలోని ఒకే ఆరోగ్య బీమా చట్టం కదా, పేరు మారితే జనం మాట ఎందుకు మారుతుంది?

చట్టం ఒక్కటే, 2010 మార్చి 23న సంతకమైంది. ఒబామాకేర్ అనేది వ్యతిరేకులు ఎక్కిరింపుగా వాడిన పేరు; తర్వాత ఒబామాయే దాన్ని సొంతం చేసుకున్నాడు. 2013లో అమెరికా టీవీ ఛానల్ సీఎన్‌బీసీ సర్వేలో కొందరిని ఆ పేరుతో, కొందరిని అసలు పేరుతో అడిగారు. ఒబామాకేర్ వద్దన్నవాళ్లు 46 శాతం, అసలు పేరుకు 37. విచిత్రంగా ఒబామాకేర్ అంటే మద్దతు కూడా పెరిగింది: అసలు పేరుకు 22 శాతం, ఒబామాకేర్‌కు 29. పేరులో మనిషి కనబడగానే 'తెల్వదు' అనేవాళ్లు తగ్గి, పార్టీని బట్టి జవాబు వస్తుంది.

మన దగ్గర 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీలో 'రాజీవ్' జనం నోట రాలిపోయింది. సర్కారు దవాఖానల కాన్పు అయినోళ్లకు కేసీఆర్ సర్కారు సామాన్లు, పైసలు ఇచ్చిన కేసీఆర్ కిట్‌కు ఆ వీలు లేకపోయింది, పేరు తీస్తే మిగిలేది కిట్టే. నల్లగొండలో అసలు అభిప్రాయం కావాలంటే పథకం పేరెత్తకుండా అడగాలి: "సర్కారు దవాఖానల కాన్పు అయితే పైసలిచ్చుడు మంచిదేనా?"