బ్యాంకు కొలువుకు ఏ రాష్ట్రం నుంచి రాయాలి?

ప్రశ్న: మేం బెంగళూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ) క్లర్కు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షలు రాస్తానంటోంది. క్లర్కు పోస్టుకు కర్ణాటక ఎంచుకోవాలా, ఆంధ్రప్రదేశా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు భాష సంగతి తేల్చుకోండి. క్లర్కు పోస్టుకు ఒక్క రాష్ట్రానికే దరఖాస్తు చేయాలి. అక్కడి భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడినా అక్షరాలు రాని పిల్లలు బెంగళూరులో తక్కువేం కాదు. ఆంధ్ర అనుకుని దెబ్బతినేది వాళ్లే. బడిలో కన్నడం చదివి ఉంటే కర్ణాటకే మేలు.

పీవోకు ఈ పేచీ లేదు. అయితే ఐబీపీఎస్‌కు దరఖాస్తు నాటికే డిగ్రీ పూర్తయి ఉండాలి. స్టేట్ బ్యాంక్ పీవోకు మాత్రం చివరి సంవత్సరం వాళ్లనూ షరతులతో అనుమతిస్తున్నారు.

ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో (తొలి దశ పరీక్షలో) 100 ప్రశ్నలు, 60 నిమిషాలు: ఇంగ్లిష్ 30, లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కో విభాగానికి 20 నిమిషాలే. ఇంగ్లిష్‌లో మిగిలిన సమయం లెక్కలకు పనికిరాదు. తప్పుకు పావు మార్కు కోత. విభాగాలవారీ కటాఫ్ (దాటాల్సిన కనీస మార్కులు) ఉంటుంది కనుక ఒక దాంట్లో చతికిలపడితే మొత్తం మార్కులు ఎన్నొచ్చినా లాభం లేదు. ఇంట్లో సాధన కూడా గడియారం పెట్టుకునే చేయించండి.

దరఖాస్తులోని డిక్లరేషన్‌ను ఆమే స్వదస్తూరితో ఇంగ్లిష్‌లో రాయాలి. అన్నీ పెద్దక్షరాలతో రాస్తే తీసుకోరు.