చవక సైనిక రైఫిల్ కావాలంటే ధర చీటీ కంటే ముందు తూటా చూడండి

మీరు అడిగినది ఇది: గ్రీన్‌కార్డు మీద అమెరికాలో ఉంటున్నారు, 500 డాలర్ల లోపు పాత సైనిక బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ బోల్ట్ పిడిని చేత్తో లాగి నెట్టేది) ఒకటి కొనాలని ఉంది, అందరూ రష్యా సైనిక రైఫిల్ మోసిన్ నగాంట్ తీసుకోమంటున్నారు, అది సరైన సలహాయేనా అని.

2010 ప్రాంతంలో అయితే సరైన సలహాయే. ఆ రోజుల్లో టెక్సస్‌లో ఏ తుపాకుల దుకాణానికి వెళ్లినా మూలన చెక్క పెట్టెలో మోసిన్లు చీపురుకట్టల్లాగా నిలబెట్టి ఉండేవి, 100 డాలర్లకు కాస్త అటూ ఇటూగా రైఫిల్‌తో పాటు బాయనెట్టు, పట్టీ, నూనె డబ్బా కూడా చేతిలో పెట్టేవారు, 440 తూటాలున్న సీలు వేసిన రేకు డబ్బాలు ఆ పక్కనే దొంతరగా పేర్చి ఉండేవి. ఇప్పుడు ఆ రైఫిల్ 300 డాలర్లకు దొరికితే అదృష్టమనుకోవాలి. పైగా 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఇవ్వడం మానేశారు కనుక, రైఫిల్ కంటే దాని మేతే భారమైంది. సలహా ఇచ్చేవారు మాత్రం పాత ధరల జ్ఞాపకంతోనే మాట్లాడుతున్నారు. వారిలో సగం మంది ఈ మధ్య కాలంలో ఒక్క రైఫిల్ కూడా కొని ఉండరని నా గట్టి నమ్మకం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ఊరి దుకాణంలో ఏ రోజు వెళ్లినా దొరికే తూటాతో పనిచేసే సైనిక రైఫిల్ కొనండి. ఆ లెక్కన చూస్తే, నాటో దేశాల 7.62 ఎంఎం తూటా కాల్చే, అందరూ చిన్నచూపు చూసే మన ఇషాపూర్ 2ఏ1 రైఫిల్‌ను మించినది మీ బడ్జెట్‌లో నాకు కనిపించదు. ఇది స్వదేశాభిమానం కాదు. కొంత అదీ ఉందేమో, కానీ కారణాలు వేరే ఉన్నాయి.

2014 శీతాకాలంలో డల్లాస్‌కు గంట దూరంలో ఒక చిన్న పట్టణపు సంతమైదానంలో తుపాకుల ప్రదర్శన జరుగుతుంటే, కేవలం చూసివద్దామని వెళ్లాను. పొడవాటి బల్లల మీద వందలాది తుపాకులు, ఒక్కొక్కదాని బోల్ట్‌కూ ప్లాస్టిక్ తాడు బిగించి ఉంది. తూటాలతో నింపిన ఆయుధాన్ని లోపలికి తేకూడదని తలుపు దగ్గరే రాసిపెట్టారు. చివరి వరుసలో ఒక పెద్దాయన బల్ల మీద జర్మన్ మౌజర్లు, యుగోస్లావ్ మౌజర్లు శుభ్రంగా తుడిచి వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. వాటికి ఎడంగా, బల్ల కాలికి ఆనించి, ఒక నల్లటి రైఫిల్ ఒంటరిగా నిలబడి ఉంది. మొద్దు ముక్కు, మూతి దాకా సాగిన చెక్క, పొట్ట కింద చతురస్రపు మ్యాగజైన్. ఆ మొద్దు ముక్కును గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. నెల్లూరులో ఇంటర్ చదివేటప్పుడు ఎన్‌సీసీలో రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం ఉదయం దానికి అన్నలాంటి త్రీ నాట్ త్రీని భుజాన మోశాను. మాకు ఇచ్చినవి గొట్టానికి రంధ్రం చేసి కాల్చడానికి పనికిరాకుండా చేసిన డ్రిల్లు రైఫిళ్లే అయినా, 'బాజూ శస్త్ర్' అన్నప్పుడు నేలకు తగిలే బట్ (రైఫిల్ వెనుక చెక్క) చప్పుడు ఒక్కటిగా రాకపోతే మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ మైదానం చుట్టూ మూడుసార్లు పరుగెత్తించేవారు.

చేతిలోకి తీసుకుని, బోల్ట్ పిడి కింద మెడ దగ్గర చూశాను. 'రైఫిల్ 7.62 ఎంఎం 2ఏ1', దాని కింద ఆర్‌ఎఫ్‌ఐ, 1967. రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న కార్ఖానా అది. బట్ మీద తెల్లరంగుతో వేసిన 47 అనే అంకె సగం చెరిగి ఉంది. మన దగ్గర కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ప్రతి రైఫిల్‌కూ అలాగే బట్ నంబరు వేస్తారు, జవాను తన రైఫిల్‌ను ఆ అంకెతోనే గుర్తుపెట్టుకుంటాడు. ధర చీటీ మీద 240 డాలర్లని ఉంది. దాని పక్కనున్న మౌజర్ల మీద 400 పైమాటే.

"దీని ధర ఇంత తక్కువెందుకండీ?" అని అడిగాను.

పెద్దాయన నా ముఖం వైపు ఒకసారి చూసి, కాస్త మొహమాటపడుతూ, "ఇది ఇండియాలో చేసినది. పాత త్రీ నాట్ త్రీకి 7.62 గొట్టం బిగించేశారు. ఆ ఒత్తిడి దానికి ఎక్కువ. గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది, కాల్చమని మాత్రం చెప్పను" అన్నారు. పక్క బల్ల దగ్గరున్న మనిషి ఊరుకోకుండా, అది ముఖం మీదే పేలుతుందని ఇంకో మాట జోడించాడు.

ఈ అపోహ ఇక్కడ ఎంత బలంగా పాతుకుపోయిందంటే, తుపాకుల గురించి అన్నీ తెలుసనుకునేవారు కూడా దీన్ని వల్లిస్తారు. జరిగినది వేరు. 1962లో చైనాతో యుద్ధం వచ్చేనాటికి మన పదాతిదళం చేతుల్లో ఉన్నది ఆ పాత త్రీ నాట్ త్రీయే. ఆ తరువాత సైన్యం 7.62 నాటో తూటాకు మారుతూ, తూటాను తమంత తామే ఎక్కించుకునే సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు సరిపడా తయారయ్యే లోపు చేతిలో ఉండడానికి ఆ త్రీ నాట్ త్రీది అయిన పాత బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ నమూనాలోనే, కొత్త తూటా ఒత్తిడికి తట్టుకునే మెరుగైన ఉక్కుతో, కొత్తగా ఒక రైఫిల్‌ను తయారుచేయించింది. మొదట 2ఏ, ఆ తరువాత దూరపు గురి పలకను 2000 నుంచి 800 మీటర్లకు కుదించి 2ఏ1. పాతదానికి అతుకు వేసినది కాదు. తయారైన సంవత్సరం దాని మెడ మీదే చెక్కి ఉంటే, దానిని పాత త్రీ నాట్ త్రీకి మరమ్మతు చేసినదని ఎలా అంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇదే రైఫిల్ మీద ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ముద్ర ఉండి ఉంటే, దాన్ని బల్ల మీద పరచిన మఖమల్ గుడ్డ మీద పెట్టేవారని నేను ఆయనతో అనలేదు కానీ, మనసులో మాత్రం చాలాసేపు అనుకున్నాను.

ఆయన మీద నాకు కోపం లేదు, ఎందుకంటే అడిగినవన్నీ ఓపికగా చూపించారు. ప్లాస్టిక్ తాడు కత్తిరించమన్నాను. బోల్ట్ వెనక్కి లాగి, దాని తలను పైకి తిప్పి బయటకు తీసి, పిడి మీది అంకె, చట్రం మీది అంకె ఒకటేనా అని చూశాను. ఒకటే. మీరు కొనేటప్పుడు ఇది తప్పక చూడండి. కరెంటు పెన్నుతో గీసిన అంకె కనిపిస్తే, అది సైనిక డిపోలో వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి బలవంతంగా జత కలిపినదని అర్థం. దీపం వెనుక నుంచి పెట్టి గొట్టంలోకి చూస్తే నల్లగా, నిరాశగా ఉంది. పాత సైనిక రైఫిల్ గొట్టం మొదటి చూపులో ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఒక గుడ్డపీలిక ఇమ్మని అడిగి రెండుసార్లు లాగేసరికి లోపలి గాడులు పదునుగా, వంకీలు తిరుగుతూ మెరిశాయి. ఎన్‌సీసీలో నాలుగంగుళాల చిందీని (గుడ్డపీలికను) గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడుకు కట్టి ఒకే ఊపున లాగడం నేర్చుకున్న చేయి అది, ఇరవయ్యేళ్ల తరువాత కూడా తప్పలేదు. చెక్కకు ముందు భాగంలో అడ్డంగా వేసిన స్క్రూ చూసి పెద్దాయన, "ఎవరో పగిలినదానికి అతికించారు" అన్నారు. చెక్క చీలకుండా ఇషాపూర్ వారు ముందే వేసే స్క్రూ అది, దానిని చూసే ఇక్కడ చాలామంది రైఫిల్ ఎక్కడిదో గుర్తుపడతారు. ఈ మాట మాత్రం ఆయనకు చెప్పాను. 225 డాలర్లకు ఇచ్చారు.

ఆ తరువాత కాగితాల పని. ఆయన లైసెన్సు ఉన్న వ్యాపారి కనుక తుపాకి కొనేవారు ఇవ్వవలసిన ప్రభుత్వ పత్రం, 4473 ఫారం, నింపవలసి వచ్చింది. పుట్టిన దేశం, పౌరసత్వం, గ్రీన్‌కార్డు మీది ఏలియన్ నంబరు అన్నీ అడుగుతారు, డ్రైవింగ్ లైసెన్సు మీది చిరునామా మీరు నిజంగా ఉంటున్నదే అయి ఉండాలి. పరిశీలన కోసం ఫోను చేస్తే వెంటనే అనుమతి రావచ్చు, 'ఆలస్యం' అని రావచ్చు. నాకు ఆలస్యమే వచ్చింది. మూడు పనిదినాలు ఆగి, మళ్లీ గంట ప్రయాణం చేసి వెళ్లి తెచ్చుకున్నాను. మీకూ అలా వస్తే కంగారుపడకండి, తిరస్కరణ వేరు, ఆలస్యం వేరు. ఇది చదివే హెచ్‌1బీ మిత్రులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. వలసేతర వీసా మీద ఉన్నవారికి తుపాకి కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప. స్నేహితుడి రైఫిల్ పట్టుకుని కాల్పుల మైదానంలో దిగిన ఫోటోలు వాట్సాప్ గుంపుల్లో పెట్టేవారిని చూస్తే నాకు భయమేస్తుంది.

ఇంటికి తెచ్చినా వెంటనే కాల్చలేదు. తుపాకి మిస్త్రీ దగ్గరకు తీసుకువెళ్లి, తూటా కూర్చునే చోటుకూ బోల్ట్ ముఖానికీ మధ్య సందు సరిగ్గా ఉందో లేదో గో, నో గో గేజులతో కొలిపించాను. 40 డాలర్లు తీసుకున్నాడు. ఏ దేశపు రైఫిల్ అయినా ఈ 40 డాలర్లు మిగుల్చుకోవద్దు. వృత్తంలో సిలువ గుర్తున్న నాటో తూటాలనే వాడతాను. దుకాణాల్లో వేట కోసం అమ్మే 308 తూటా చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ, రెండింటి కొలతల్లో, ఒత్తిడిలో తేడా ఉంది కనుక నేను దాని జోలికి పోను. మొదటి రోజు 100 గజాల దూరంలో ఐదు తూటాలు కాల్చితే నాలుగు నా అరచేయి కప్పేంత చోట పడ్డాయి, ఐదవది నా తప్పు. ఇత్తడి బట్ పలక భుజానికి ఇచ్చిన నల్లమచ్చ వారం రోజులు నిలిచింది. ఆ తరువాత ఈ పదేళ్లలో ఆ రైఫిల్‌కు ఇచ్చినదానికి ఎన్నో రెట్లు దాని తూటాలకే ఇచ్చుకున్నాను. అందుకే మొదట తూటా చూడమన్నాను.

నాతో పాటు కాల్చుకోవడానికి వచ్చే మిత్రుడొకరు నా మాట వినక మోసిన్ కొన్నారు. గొట్టం లోపలి పాత జిడ్డును పూర్తిగా తీయకపోవడంతో, పది తూటాలయ్యేసరికి బోల్ట్ బిగుసుకుపోయి, చెక్క సుత్తితో కొట్టి తెరవవలసి వచ్చేది. అంతకన్నా ఘోరం, ఆ పాత రేకు డబ్బా తూటాల ప్రైమరు (తూటా అడుగున నిప్పు రగిలించే మందు) కాలినప్పుడు మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాల్చిన రోజే మరిగే నీళ్లు గొట్టంలో పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఆయన ఒక శనివారం సాయంత్రం కాల్చి, ఆదివారం పెళ్లి భోజనానికి వెళ్లి, సోమవారం చూసుకునేసరికి లోపల ఎర్రటి తుప్పు. యుగోస్లావ్ మౌజర్‌లో పాత సైనిక తూటాలు కాల్చినా ఇదే బాధ తప్పదు. స్విట్జర్లాండ్ కె31 అయితే గడియారంలాంటి పనితనం, బట్ పలక విప్పితే ఒక్కోసారి దాన్ని మోసిన సైనికుడి పేరు చీటీ కూడా దొరుకుతుంది. కానీ దాని తూటా మామూలు దుకాణాల్లో దొరకదు, ధర కూడా మీ 500 దాటిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చెక్క ముందు భాగం కోసేసి, గురి పలక పీకేసి, దూరదర్శిని బిగించి 'వేటకు అనువుగా మార్చాం' అని అమ్మేవి కొంచెం చవకగా దొరుకుతాయి. కొనకండి. యాభై అరవై ఏళ్లు ఏ యుద్ధమూ పాడుచేయని వస్తువును ఎవరో గ్యారేజీలో ఒక రంపంతో అరగంటలో పాడుచేసి ఉంటారు, దానిని మళ్లీ మొదటి రూపానికి తేవడానికి అయ్యే ఖర్చుతో ఇంకో రైఫిల్ వస్తుంది.

అసలు ఈ చవకతనానికి కూడా ఒక చరిత్ర ఉంది. అధ్యక్షుడు కెన్నెడీ హత్యలో వాడినది పోస్టులో తెప్పించుకున్న ఇటలీ సైనిక కార్కానో రైఫిల్, దూరదర్శినితో కలిపి 19 డాలర్ల 95 సెంట్లు, ఆ పైన తపాలా ఖర్చు. ఆ తరువాత 1968 నాటి అమెరికా తుపాకుల చట్టంతో పోస్టు అమ్మకాలూ, సైనిక మిగులు ఆయుధాల దిగుమతీ ఆగిపోయి, మళ్లీ 1980ల్లో గేట్లు తెరిచాక లక్షలాదిగా వచ్చి పడినవే మనం చవక అనుకుంటూ కొన్నవి. ఆ గోదాములు ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి.

మీరు ఒకటితో ఆగేవారు కాదనిపిస్తే, 30 డాలర్లతో మూడేళ్లకు వచ్చే పాత ఆయుధాల సేకర్త లైసెన్సుకు దరఖాస్తు చేసుకోండి. ఇరవై ఒక్కేళ్లు నిండి ఉండాలి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న రైఫిల్ అయితే, మీ రాష్ట్ర చట్టం అడ్డుపడనంత వరకూ, పొరుగు రాష్ట్రం నుంచి కూడా నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. 1967లో తయారైన నాది 2017లో ఆ కోవలోకి వచ్చింది.

ఇప్పుడు 2ఏ1 ధర నేను కొన్నప్పటి కంటే చాలా పెరిగింది, అయినా వెతికితే మీరు చెప్పిన మొత్తంలోనే దొరకవచ్చు. చూడడానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న దీపం, గుడ్డపీలికలు నాలుగు, చేతి తొడుగులు వెంట తీసుకువెళ్లండి. బేరమాడేటప్పుడు అది ఇండియాలో చేసినదని అవతలివారు చెబితే, ఎదురు చెప్పకుండా, ఆ మాటకు ఎంత తగ్గిస్తారో అడగండి.