11 ఏళ్ల పాప మెడ నలుపు: రుద్దడం ఆపి షుగర్ పరీక్ష చేయించండి

మా 11 ఏళ్ల పాప మెడ వెనక నలుపు నెల రోజులు రుద్దినా పోలేదు, ఏం చేయాలని అడిగారు. అది మురికి కాదండీ, అందుకే పోలేదు. పాప బరువు ఎక్కువ, చంకల్లోనూ అదే నలుపు, చర్మం మందంగా మెత్తగా తగులుతోందని రాశారు కాబట్టి అది ఎకాంథోసిస్ నైగ్రికాన్స్ (చర్మం మడతల్లో నల్లగా, మందంగా మారే సమస్య) అయ్యే అవకాశమే ఎక్కువ. రక్తంలో షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్ హార్మోన్ సరిగ్గా పనిచేయక ఒంట్లో దాని మోతాదు పెరిగితే చర్మం అలా మారుతుంది.

1. స్క్రబ్బులు, తెల్లబరిచే క్రీములు ఆపేయండి.

2. పిల్లల డాక్టర్‌కి చూపించి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించండి. బీపీ, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షల గురించీ అడగండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ (డయాబెటిస్‌కి ముందు దశ), 6.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువైతే డయాబెటిస్ పరిధి.

3. చాలామంది వదిలేసేది ఇదే: రిపోర్టు నార్మల్ వస్తే హమ్మయ్య అనుకుని మర్చిపోతారు. కానీ ఒళ్లు ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుంటూ షుగర్‌ని ఇంకా అదుపులో పెడుతోందని కూడా దానికి అర్థం కావచ్చు, కాబట్టి మళ్లీ ఎప్పుడు పరీక్షించాలో అడిగి రాసుకోండి.

4. తీపి డ్రింకులు మానేసి, రోజూ గంటసేపు ఆటలు, ఇంట్లో అందరూ కలిసి. బరువు అదుపులోకి వస్తే నలుపు నెలల మీద తగ్గుతుంది. పాప ముందు మెడ గురించి మాట్లాడకండి, చాలా బాధపడతారు పిల్లలు.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, ఉన్నట్టుండి బరువు తగ్గడం ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.