తాళాల ముసలమ్మకి ఏం కావాలి?

తమ్ముడూ,

నువ్వు పంపిన నీ ఫాంటసీ నవల అధ్యాయాలన్నీ చదివాను. "నా హీరో అగ్నివర్మ పాఠకులకి గుర్తుండిపోవాలంటే ఇంకా ఏం పెట్టాలి?" అని చివర్లో అడిగావు. ఇంకేమీ పెట్టొద్దు. అతని చేతుల్లో నిప్పు పుడుతుంది, కత్తి మాట్లాడుతుంది, పుట్టుక వెనక రహస్యం ఉంది, భుజం మీద మచ్చ కూడా ఉంది. పాపం అన్నీ ఉన్నాయి గానీ ఆరాటం లేదు. లోకాన్ని కాపాడాలి అంటాడు. లోకం కోసం నిద్రపట్టని మనిషిని నేనింతవరకు చూడలేదు. అప్పు తీర్చలేక, అన్నదమ్ముల ముందు చులకనైపోయి, ఎప్పుడో అన్న మాట ఒకటి గుర్తొచ్చి నిద్రపట్టనివాళ్లు మాత్రం ఏ వీధిలో చూసినా ఉంటారు.

నీకిష్టమైన ఫాంటసీ పాత్రలంటూ ఒక జాబితా కూడా రాశావు. టోల్కీన్ మాంత్రికుడు గాండాల్ఫ్, హారీ పోటర్ గురువు డంబుల్‌డోర్, నార్నియా సింహం ఆస్లాన్. గడ్డమో జూలో ఉన్నవాళ్ల మీదే నీకు గురి ఉన్నట్టుంది. తప్పేం లేదు, నీ వయసులో నాకూ అంతే. కానీ ఆ జాబితాలో గొల్లమ్ పేరు లేకపోవడం నాకు నచ్చలేదు. నన్నడిగితే టోల్కీన్ సృష్టించిన జనంలో మొదటి పేరు అతనిదే. అందుకే ఈ ఉత్తరంలో సగం అతని గొడవే ఉంటుంది, ఓపిక పట్టు.

మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా. టోల్కీన్ రాసిన దుష్టశక్తి సౌరాన్ కూడా అలాంటి పనే చేశాడు. తన శక్తిలో చాలా భాగాన్ని ఒక ఉంగరంలో పోసి పెట్టుకున్నాడు. అంత పెద్ద 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఆ సౌరాన్ ఒక్కసారి కూడా నేరుగా మన ముందుకు రాడు. పుస్తకం మూశాక మనల్ని వదలనిది ఆ ఉంగరం తగులుకున్న బక్కప్రాణి, గొల్లమ్.

అతని అసలు పేరు స్మియగోల్. నది అడుగున ఉంగరం దొరికింది అతనికి కాదు, అతని స్నేహితుడు డియగోల్‌కి. ఆ రోజు స్మియగోల్ పుట్టినరోజు. కానుకగా ఇమ్మన్నాడు. నీకు ఇవ్వాల్సింది ఇచ్చేశాను, ఇది నేనుంచుకుంటాను అన్నాడు డియగోల్. స్మియగోల్ అతని పీక నొక్కి చంపేశాడు. తర్వాత వందల ఏళ్లు కొండ కింద చీకట్లో పచ్చి చేపలు తింటూ బతికాడు. ఆ ఉంగరాన్ని అతను ఎప్పుడూ ఏమంటాడో గమనించావా? పుట్టినరోజు కానుక అంటాడు. హత్యకి కానుక అని పేరు పెట్టుకుని, ఆ అబద్ధాన్ని తనకి తానే చెప్పుకుంటూ వందల ఏళ్లు గడిపాడు. ఉంగరం తీసేసి అక్కడ అరెకరం పొలం పెట్టినా ఆ మనిషి మనకి అర్థమవుతాడు.

ఇప్పుడు రాసేవాడికి పనికొచ్చే సంగతి చెబుతాను. గొల్లమ్ మొదటిసారి కనిపించింది 1937లో వచ్చిన 'హాబిట్'లో. ఆ మొదటి ముద్రణలో అతను ఇంత చెడ్డవాడు కాదు. ఆ కథలో హీరో బిల్బో, హాబిట్‌లనే పొట్టి జనంలో ఒకడు. అతనితో పొడుపుకథల పందెం వేస్తాడు, ఓడిపోతే ఉంగరాన్ని కానుకగా ఇస్తానంటాడు. ఓడాక వెతికితే ఉంగరం కనపడదు, అది అప్పటికే బిల్బోకి దొరికింది. పాపం క్షమించమని బతిమాలుకుని, దానికి బదులుగా బిల్బోకి బయటికి దారి చూపిస్తాడు. మాట మీద నిలబడే మనిషి! ఆ తర్వాత టోల్కీన్ పెద్ద నవల రాయడానికి కూర్చుంటే ఆ చిన్న ఉంగరం కాస్తా ఎవరూ చేతులారా వదులుకోలేని మహా ఉంగరం అయింది. మరి అలాంటి ఉంగరాన్ని గొల్లమ్ పందెంలో ఎలా పెడతాడు?

ఇంకొకరైతే ఏదో సర్దిచెప్పి ముందుకెళ్లేవారు. ఆయన వెనక్కి వెళ్లి పాత పుస్తకంలో ఆ అధ్యాయాన్నే మార్చి రాశాడు. 1951లో కొత్త ముద్రణ వచ్చింది. అందులో గొల్లమ్ ఉంగరం ఇస్తాననడు, ఓడిపోయాక బిల్బోని చంపి తినడానికి తిరుగుతాడు. ఆ ఉంగరం పెట్టుకుంటే మనిషి మాయమైపోతాడు కాబట్టి బిల్బో కంటికి కనపడకుండా కత్తి పట్టుకుని అతని వెనకే నిలబడతాడు. ఒక్క పోటు చాలు. కానీ ఆ చీకటి బతుకు ఎలాంటిదో ఒక్క క్షణం తట్టి, జాలిపడి, అతని తల మీదుగా దూకి వెళ్లిపోతాడు. 1954, 55లలో వచ్చిన పెద్ద నవల ఈ జాలి మీదే నిలబడింది. గాండాల్ఫ్ మొదట్లోనే దాని గురించి చెబుతాడు, చివరికి అగ్నిపర్వతం అంచున దాని ఫలితం కనపడుతుంది. అంతటి దృశ్యం మొదటి ముద్రణలో లేనే లేదు.

మరి పాత ముద్రణ చదివినవాళ్ల సంగతి? దానికీ దారి కనిపెట్టాడు. ఆ పాత కథ బిల్బో చెప్పిన అబద్ధం అన్నాడు. ఉంగరం న్యాయంగా తనకే వచ్చిందని చెప్పుకోవడానికి బిల్బో అలా అల్లాడట. నిజాయితీగల బిల్బో చేత అబద్ధం ఆడించిందంటే ఉంగరం అప్పుడే పని మొదలుపెట్టిందన్నమాట. రాసినదాన్ని మార్చమంటే నువ్వు టెన్షన్ పడతావని తెలిసే ఇదంతా చెబుతున్నాను. అచ్చైన పుస్తకాన్నే ఆయన మార్చాడు, నీది ఇంకా ల్యాప్‌టాప్ దాటలేదు.

గొల్లమ్‌ని చూసి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అతను మారిపోయే అవకాశం నిజంగా వస్తుంది. పెద్ద నవలలో ఆ ఉంగరాన్ని నిప్పుల్లో వేసి నాశనం చేయడానికి బిల్బో వారసుడు ఫ్రోడో, అతని నమ్మినబంటు శామ్ బయల్దేరతారు, గొల్లమ్ దారి చూపిస్తుంటాడు. కిరిత్ ఉంగోల్ అనే కనుమ మెట్ల దగ్గర వాళ్లిద్దరూ అలసిపోయి నిద్రపోతుంటారు. వాళ్లని ఒక రాకాసి సాలీడుకి బలిచ్చే ఏర్పాటు చూసుకుని గొల్లమ్ తిరిగొస్తాడు. వాళ్లని అలా చూసి అతని ముఖంలో ఏదో మారుతుంది. వణికే చేత్తో ఫ్రోడో మోకాలిని మెల్లగా తాకుతాడు. ఆ క్షణాన చూసినవాళ్లకి అతను అలసిపోయిన ఒక ముసలి హాబిట్‌లా కనిపించేవాడు అంటాడు రచయిత. సరిగ్గా అప్పుడే శామ్‌కి మెలకువ వస్తుంది, దొంగచాటుగా ఏం చేస్తున్నావని కసురుతాడు. అయిపోయింది. శామ్ చెడ్డవాడు కాదు, ఆ నవలలో అంత మంచివాడు ఇంకొకడు లేడు. తర్వాత సారీ కూడా చెబుతాడు. కానీ అప్పటికే గొల్లమ్ కళ్లలో పాత పచ్చమెరుపు వచ్చేసింది. ఆ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. దుర్మార్గుడు మారకుండా పోవడానికి మంచివాడి చిరాకు కారణమైతే, పాఠకుడు ఎవరిని తిట్టుకోవాలి?

చివర్లో ఏం జరుగుతుందో నీకు తెలుసు. ఉంగరాన్ని నిప్పుల్లో వేయాల్సిన చోట ఫ్రోడో వేయలేకపోతాడు, ఇది నాది అంటాడు. గొల్లమ్ అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆ సంబరంలో కాలుజారి ఉంగరంతో సహా ఆ నిప్పుల్లో పడతాడు. హీరో ఓడిపోయాడు తమ్ముడూ. నీ అగ్నివర్మ నువ్వు పంపిన పేజీల్లో ఎక్కడా ఓడిపోలేదు. ఒక చోట గాయపడ్డాడు, తర్వాతి పేరాలో మూలిక దొరికింది.

శక్తులు ఇవ్వడం తేలిక, వాటికి ఖరీదు వసూలు చేయడం కష్టం. ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలల్లో గెడ్ అనే కుర్రాడు ఉంటాడు. 1968లో వచ్చిన మొదటి నవలలో, మంత్రవిద్య నేర్చుకునే చోట తోటి విద్యార్థి ముందు గొప్పకి పోయి చనిపోయినవాళ్లని పిలుస్తాడు. నీడలాంటిది ఒకటి బయటికొచ్చి అతని ముఖం చీరేస్తుంది, ఆ సందు మూయడంలో పెద్ద గురువు ప్రాణం పోతుంది. ముఖం మీద గాట్లు జీవితాంతం ఉండిపోతాయి. 1972లో వచ్చిన మూడో నవలలో ఉన్న శక్తంతా ఖర్చయిపోతుంది. మామూలుగా అయితే అక్కడితో కథ సమాప్తం. లె గ్విన్ 1990లో మళ్లీ వచ్చి, శక్తి పోయిన ఆ మహామాంత్రికుడు సిగ్గుతో ముఖం చాటేసి కొండ మీద మేకలు కాసుకోవడం రాసింది. మరో మంత్రంతో ఆ శక్తిని తిరిగి ఇవ్వలేదు. ఆ పట్టుదలకి నేను దండం పెడతాను.

దుర్మార్గుడి విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. ఈ మధ్య ప్రతి విలన్‌కీ చిన్నప్పటి కష్టాల ఫ్లాష్‌బ్యాక్ ఒకటి అతికించడం ఫ్యాషన్ అయింది. నువ్వూ నీ విలన్ కాలకేతుకి అదే చేశావు. అతని తల్లిని చంపేశారు, అందుకే రాజ్యాలు తగలబెడుతున్నాడు, సరిపోయింది! జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' నవలల్లో జేమీ లానిస్టర్ అనే వీరుణ్ని ఎలా నడిపించాడో చూడు. 1996లో వచ్చిన మొదటి నవలలో అతను ఏడేళ్ల పిల్లాణ్ని కిటికీలోంచి కిందికి తోసేస్తాడు. అతని మనసులోంచి కథ చెప్పడం 2000లో వచ్చిన మూడో నవల దాకా మొదలే కాదు. అందులో చేయి తెగి, జ్వరంతో, స్నానాల తొట్టిలో కూర్చుని, తాను కాపలా కాయాల్సిన రాజునే ఎందుకు చంపాడో బ్రియెన్ అనే యోధురాలికి చెబుతాడు. ఆ రాజు నగరం మొత్తాన్ని తగలబెట్టబోతుంటే ఆపాడట. మన మనసు కరుగుతుంది. కానీ ఆ పిల్లాడి కాళ్లు తిరిగి రావు. ఆ రెండిటినీ మార్టిన్ పక్కపక్కనే ఉంచుతాడు, ఒకదానితో ఇంకొకదాన్ని చెరిపెయ్యడు.

నవ్వించే పాత్రల గురించి నువ్వు ఏమీ అడగలేదు, అయినా చెబుతాను. టెరీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలల్లో గ్రానీ వెదర్‌వాక్స్ అని ఒక ముసలి మంత్రగత్తె ఉంటుంది. ఆమె మనసు జంతువుల్లోకి వెళ్లినప్పుడు ఒళ్లు శవంలా పడి ఉంటుంది కాబట్టి, ఎవరూ పొరపాటుపడి పాతిపెట్టకుండా 'నేను చావలేదు' అని ఒక అట్టముక్క మీద తప్పుల తడకగా రాసి చేతుల్లో పెట్టుకుంటుంది. అంతటి విద్య, దాని పక్కన ఆ అట్టముక్క. నీ కథలో ఒక్క అట్టముక్క కూడా లేదు, అందరూ బిగుసుకుపోయి ఉన్నారు.

దానికి సగం కారణం వాళ్ల మాటలే. రాజు, మాంత్రికుడు, గుర్రాలు తోమేవాడు అందరూ ఒకే పౌరాణిక సినిమా సెట్ నుంచి వచ్చినట్టు "ఓరీ దురాత్మా" అంటున్నారు. పేరు మూసేసి చదివితే ఏ మాట ఎవరిదో చెప్పగలగాలి. ఆ గుర్రాలవాడి చేత మీ శ్రీకాకుళం మాట మాట్లాడించు. ఊహాలోకంలో శ్రీకాకుళం ఎక్కడిదని ఎవరైనా అంటే, మరి గ్రాంథికం ఎక్కడిదని అడుగు.

ఇక అసలు విషయం. నీ కథలో నాకు గుర్తుండిపోయిన మనిషి ఒకరున్నారు. కాలకేతు కోటలో తాళాలు చూసుకునే ముసలమ్మ. అర పేజీ కూడా లేదు. అగ్నివర్మ వచ్చి అడగ్గానే తాళంచెవి ఇచ్చేస్తుంది. తలుపు తీసి ఉన్నా, నువ్వూ రా అవ్వా అని అతను పిలిచినా, గడప దాటదు. ఆ వాక్యం నువ్వు ఏ ఆలోచనా లేకుండా రాసి ఉంటావు, తర్వాతి వాక్యంలోనే యుద్ధంలోకి పరుగెత్తావు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఎందుకు దాటలేదు? లోపల ఎవరున్నారు? తాళం ఊరికే ఎందుకిచ్చింది? అంతకుముందు వచ్చినవాళ్లకి కూడా ఇచ్చిందా, ఇస్తే వాళ్లేమయ్యారు? ఆమె కాలకేతుని పేరు పెట్టి పిలుస్తుందా, బాబూ అంటుందా?

వీటికి జవాబులు నాకు రాయకు. ఆమెది ఒక అధ్యాయం రాసి పంపు, యుద్ధం లేకుండా, ఆమె ఉన్న గదిలోనే. దానివల్ల ముందు రాసిన అధ్యాయాలు మార్చాల్సి వస్తే మార్చు. అగ్నివర్మ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ అన్నయ్య