మున్నార్ కప్పల కోసం వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ, చిన్నచిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొన్నావని మీ నాన్న చెప్పాడు, జులైలో మున్నార్ టికెట్లు కూడా చేసేశావంట కదా. టైమ్ మంచిదే, వాన పడి కాస్త తెరిపిచ్చిన రాత్రి అక్కడ ప్రతి పొదా అరుస్తూనే ఉంటుంది. కానీ ముందే చెప్తున్నా, నువ్వు నాకు ఫొటో పంపిన ఆ నారింజ రంగు కప్ప, రెస్ప్లెండెంట్ బుష్ ఫ్రాగ్, దాని మీద ఆశ పెట్టుకోకు. 2010లో ప్రపంచానికి తెలిసింది అది, ఉండేది ఆనముడి శిఖరం మీద గడ్డి దుబ్బుల్లో, అదేమో ఇరవికులం పార్కు, రాత్రిపూట మనల్ని అక్కడికి పోనివ్వరు, పోనివ్వకపోవడమే మంచిది కూడా. టీ తోటల అంచుల్లో, రోడ్డు పక్క పొదల్లో పచ్చవీ పసుప్పచ్చవీ బుష్ ఫ్రాగులు బోలెడుంటాయి, రెండు మూడు సెంటీమీటర్ల బుడంకాయలు, నీకు అవి చాలు.

వెతకడం చెవితో మొదలుపెట్టు, టార్చ్‌తో కాదు. లైట్ ఆపేసి నిలబడితే టిక్ టిక్ అని ఎక్కడ్నుంచో వినపడుతుంది, పక్కన ఇంకొకరుంటే ఇద్దరూ చెరోవైపు నిలబడి శబ్దం వచ్చే వైపు చెయ్యి చూపించండి, ఆ రెండు చేతులూ కలిసే చోట చూడు, ఏదో ఆకు మీద కూర్చుని ఉంటుంది. నువ్వు దగ్గరికెళ్లగానే నోరు మూసేస్తుంది. అప్పుడే అందరూ ఇంకో కప్ప కోసం వెళ్లిపోతారు, నువ్వు వెళ్లకు. లైట్ బాగా తగ్గించి కదలకుండా కూర్చుంటే కాసేపటికి మళ్లీ మొదలెడుతుంది, ఒకసారి నీకు అలవాటు పడిందంటే నువ్వు పక్కనే ఉన్నా దాని పని దానిదే. పది కప్పల దగ్గర పది క్లిక్కులకన్నా ఒక్కదాని దగ్గర రాత్రంతా కూర్చోవడమే మేలు, నేనైతే అంతే చేస్తా.

అరిచేది మగదే, గొంతు కింద తిత్తి బుడగలా ఉబ్బుతుంది, దాదాపు దాని తలంత. దానికి పక్కనుంచి, కంటి ఎత్తుకి దిగి తియ్యాలి, పైనుంచి తీస్తే కప్ప కాదు మచ్చ వస్తుంది. ఫ్లాష్ కాస్త వెనక పక్క నుంచి పడేలా పెట్టు, ఆ పల్చటి చర్మం వెలిగి లోపలి సన్నటి నరాలు కూడా కనపడతాయి. అరుపుకీ అరుపుకీ మధ్య గ్యాప్ ముందు వినేసెయ్, తర్వాత వేలు దానంతటదే పడుతుంది.

సెట్టింగ్స్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. ఒకటికి ఒకటి మాగ్నిఫికేషన్‌లో, అంటే కప్ప ఎంతుందో సెన్సార్ మీద అంతే పడేంత దగ్గర్లో, లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరు పైచిలుకే, అందుకే ఆటోఫోకస్ ఆపేసి నువ్వే ముందుకీ వెనక్కీ ఊగుతూ కన్ను దగ్గర పట్టుకో. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్ 22కి పోతే ఫొటో మొత్తం మసగ్గా అయిపోతుంది. షట్టర్ 1/160, ఐఎస్ఓ 400, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/16 దగ్గర మొదలుపెట్టి చూసుకో. అసలు ఖర్చు పెట్టాల్సింది ఫ్లాష్ వెలుగుని పరిచి మెత్తగా చేసే డిఫ్యూజర్ మీద, తడి చర్మం మీద చిన్న ఫ్లాష్ కొడితే తెల్లటి చుక్కలే మిగులుతాయి, తెల్ల ఫోమ్ షీట్ వంచి లెన్స్ చివరి దాకా వచ్చేలా కట్టుకున్నా చాలు, షాపులో కొన్నదానికి ఏం తీసిపోదు.

ఇక ముట్టుకోవద్దు. కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది, చేతికున్న దోమల క్రీమ్ అంతా లోపలికి పోతుంది. కొందరు ఎత్తి మంచి ఆకు మీద పెట్టి తీస్తారు, కదలకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అలాంటివాళ్లతో టూర్‌కి వెళ్లకు, ముందే అడుగు. కుళ్లిన దుంగలు తిరగెయ్యకు, నల్లటి ఒంటి మీద నీలం చుక్కలుండే గెలాక్సీ కప్ప లాంటివి ఉండేది వాటి కిందే. ఇంకోటి, ఈ బుష్ ఫ్రాగులకి నీళ్లలో తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికొస్తుంది, ఆ గుడ్లు నేల మీద ఆకుల్లోనో పొదల ఆకుల మీదో ఉంటాయి, కాబట్టి పొదలోకి దూరిపోకుండా దారి అంచునే ఉండు. బూట్లు ఇక్కడే కడిగి బాగా ఆరబెట్టుకుని వెళ్లు, కైట్రిడ్ అని కప్పల్ని చంపే ఫంగస్ బురదతో కూడా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది.

బయట చల్లబడ్డ కెమెరాని రూమ్‌లోకి రాగానే హీటర్ పక్కన బ్యాగ్‌లోంచి తియ్యకు, లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. ఫొటోలు పెట్టేటప్పుడు లొకేషన్ తీసేసి మున్నార్ అని రాస్తే చాలు. జలగల సాక్స్ కొనకు, నావి బీరువాలో ఊరికే పడున్నాయి, ఆదివారం వచ్చి పట్టుకుపో.

మీ పెదనాన్న